ఆ పడవలో ఎవరున్నారు?

అరవై సెకన్ల టీవీ యాడ్‌ని ఒక పుస్తకాన్ని చదివినట్టు చదవొచ్చా? కొన్నింటిని చదవాలనే అనుకుంటాను. నేను చెప్పబోయే యాడ్ 2004 ఆగస్టు మొదట్లో అమెరికాలో మూడు రాష్ట్రాల్లో మాత్రమే వచ్చింది: ఒహాయో, వెస్ట్ వర్జీనియా, విస్కాన్సిన్. ఎయిర్‌టైమ్‌కి పెట్టిన ఖర్చు దాదాపు ఐదు లక్షల డాలర్లు. అధ్యక్ష ఎన్నికల లెక్కలో అది చిల్లర కిందే లెక్క. దాన్ని దేశమంతా తిప్పింది న్యూస్ ఛానళ్ళు, అదీ ఉచితంగా. తీయించినవాళ్ళు ‘స్విఫ్ట్ బోట్ వెటరన్స్ ఫర్ ట్రూత్’ అనే సంఘం వాళ్ళు. గురి డెమొక్రటిక్ అభ్యర్థి జాన్ కెర్రీ. ఇప్పటికీ వెతికితే దొరుకుతుంది, చూడండి. ఒకసారి చూస్తే కోపం రావచ్చు. నాలుగుసార్లు చూస్తే మాత్రం, రాసినవాడికి పని తెలుసని ఒప్పుకోవాల్సి వస్తుంది.

మొదట వినిపించేది ప్రత్యర్థుల గొంతు కాదు. కెర్రీ పక్కన ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ జాన్ ఎడ్వర్డ్స్ గొంతు. కెర్రీ ఎలాంటివాడో తెలుసుకోవాలంటే అప్పట్లో అతనితో కలిసి పనిచేసినవాళ్ళతో మూడు నిమిషాలు గడపండి చాలు అంటాడాయన. అంతే, అక్కడ కట్. ఇక వరసగా మనుషులు. వయసు మళ్ళినవాళ్ళు, కెమెరా కళ్ళలోకి సూటిగా చూసేవాళ్ళు. నేను జాన్ కెర్రీతో పనిచేశాను. నేను జాన్ కెర్రీతో పనిచేశాను. హరికథలో పల్లవిలా ఆ మాట తిరిగి తిరిగి వస్తుంది. మధ్యలో చరణాల్లా ఆరోపణలు: అబద్ధాలు చెప్పాడు, పతకాల కోసం గాయాల కథలు పెంచాడు, నమ్మదగినవాడు కాదు. ప్రశ్న వాళ్ళడిగారు, జవాబు మేం చెబుతున్నాం అన్నట్టుంటుంది మొత్తం అమరిక.

బరువంతా మోసే మాట ఒక్కటే. ‘కలిసి’.

స్విఫ్ట్ బోట్ అంటే యాభై అడుగుల అల్యూమినియం పడవ. ఒక ఆఫీసరు, ఐదుగురు నావికులు. మెకాంగ్ డెల్టా కాలవల్లో రెండో మూడో పడవలు జట్టుగా తిరిగేవి. అదే పడవలో ఉన్నవాడూ, పక్క పడవవాడూ, అదే స్థావరంలో వేరే రోజు డ్యూటీలో ఉన్నవాడూ, అందరూ కలిసి పనిచేసినవాళ్ళే. తెలుగులోనూ ఈ మాట ఇంతే సాగుతుంది. లింక్డిన్‌లో ఎవరికైనా రికమెండేషన్ రాసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు: ‘కలిసి పనిచేశాం’ అంటే పక్క సీటు కావచ్చు, పక్క బిల్డింగ్ కావచ్చు, ఒకే మెయిలింగ్ లిస్టు కావచ్చు. కెర్రీ నడిపిన పడవల్లో అతని కింద పనిచేసిన నావికుల్లో ఈ సంఘం వైపు వచ్చింది ఒక్కడే, స్టీవ్ గార్డ్‌నర్. సంఘానికి ముఖ్య గొంతు అయిన జాన్ ఓ’నీల్ అయితే కెర్రీ వెళ్ళిపోయాక అదే పడవ, పీసీఎఫ్-94, పగ్గాలు తీసుకున్నవాడు. పడవ ఒకటే. కాలాలే వేరు.

తెలియనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా. 1968 నవంబరు నుంచి 1969 మార్చి దాకా, నాలుగు నెలలు, కెర్రీ వియత్నాంలో ఈ పడవలు నడిపాడు. మూడు పర్పుల్ హార్ట్‌లు, ఒక సిల్వర్ స్టార్, ఒక బ్రాంజ్ స్టార్ వచ్చాయి. మూడుసార్లు గాయపడ్డవాళ్ళు యుద్ధభూమి నుంచి బదిలీ కోరొచ్చన్న నిబంధన ప్రకారం తిరిగొచ్చేశాడు. వచ్చాక యుద్ధ వ్యతిరేక ఉద్యమంలో చేరి, 1971 ఏప్రిల్ 22న సెనేట్ విదేశీ వ్యవహారాల కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. అమెరికన్ సైనికులు చేసిన దారుణాల గురించి తోటి సైనికులే చెప్పిన మాటల్ని అక్కడ వినిపించాడు. మర్నాడు తన రిబ్బన్లు కాపిటల్ కంచె అవతలికి విసిరేశాడు. ఈ చివరి రెండు వాక్యాల్ని గుర్తుపెట్టుకోండి.

యాడ్‌తో పాటే ఆ ఆగస్టులో ఓ’నీల్, జెరోమ్ కోర్సీ కలిసి రాసిన ‘అన్‌ఫిట్ ఫర్ కమాండ్’ పుస్తకం వచ్చి బెస్ట్‌సెల్లర్ అయింది. అదే ఏడాది జనవరిలో చరిత్రకారుడు డగ్లస్ బ్రింక్లీ రాసిన ‘టూర్ ఆఫ్ డ్యూటీ’ వచ్చింది. అది కెర్రీ డైరీలు, ఉత్తరాల ఆధారంగా రాసిన అభిమాన గ్రంథం. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ముందు కనబడేది శైలి తేడా. బ్రింక్లీది వంచిన తల ఎత్తని భక్తి, కొన్నిచోట్ల విసుగొస్తుంది. ఓ’నీల్‌ది లాయరు వాదన (వృత్తిరీత్యా లాయరే). ప్రతి పతకానికీ ఒక అభియోగం, ప్రతి అభియోగానికీ కొందరు సాక్షులు.

1969 మార్చి 13న బే హాప్ నదిలో జరిగింది చూడండి. ఒక పడవ కింద మైన్ పేలింది. ఆ గందరగోళంలో జిమ్ రాస్‌మన్ అనే స్పెషల్ ఫోర్సెస్ సైనికుడు నీళ్ళలో పడిపోతే కెర్రీ వెనక్కొచ్చి పైకి లాగాడు. దానికే బ్రాంజ్ స్టార్. ఒడ్డు నుంచి శత్రువుల కాల్పులే లేవని పుస్తకం వాదన. ఆ రోజు వేరే పడవ నడిపిన లారీ థర్లో అదే చెప్పాడు. అయితే థర్లోకి కూడా అదే రోజు పనికి బ్రాంజ్ స్టార్ వచ్చింది. ఆగస్టు 19న ‘వాషింగ్టన్ పోస్ట్’ బయటపెట్టిన ఆయన పతకం ప్రశంసాపత్రంలోనే శత్రువుల కాల్పుల ప్రస్తావన ఉంది! నీటిలోంచి బయటపడ్డ రాస్‌మన్ కూడా కాల్పులు జరిగాయనే చెప్పాడు, అదీ రిపబ్లికన్ అయ్యుండి.

ఇక్కడితో కేసు అయిపోవాలి కదా. కాలేదు. నా ప్రశంసాపత్రం కూడా కెర్రీ రాసిన రిపోర్టు ఆధారంగానే తయారై ఉంటుంది అన్నాడు థర్లో. ఈ జవాబు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. రోజూ లాగ్ ఫైళ్ళు చూసే ఉద్యోగం నాది. లాగ్‌ని కూడా ఎవరో ఒకరు రాస్తారు, తప్పు రాయొచ్చు కూడా. కాబట్టి వాదన మూర్ఖమైనదేం కాదు. అసలు ఇబ్బంది వేరే: కెర్రీకి వ్యతిరేకంగా ఉన్న జ్ఞాపకం సాక్ష్యమవుతుంది, కెర్రీకి అనుకూలంగా ఉన్న కాగితం కుట్రలో భాగమవుతుంది. ఇంకేం చూపించినా ఈ కథ ఓడిపోదు. తనను కాదన్న ప్రతిదాన్నీ మింగి మరింత లావెక్కుతుంది.

ఈ మొత్తం గొడవలో నాకు అన్నిటికంటే నచ్చిన గొంతు విలియం రూడ్‌ది. సిల్వర్ స్టార్ సంఘటన జరిగిన 1969 ఫిబ్రవరి 28న కెర్రీతో పాటు వెళ్ళిన పడవల్లో ఒకదాన్ని నడిపింది ఆయనే. తర్వాత ‘షికాగో ట్రిబ్యూన్’లో ఎడిటర్. ముప్ఫై అయిదేళ్ళు ఈ విషయం మీద నోరు విప్పలేదు. ఆ రోజు ఆఫీసర్లు ముగ్గురు: కెర్రీ, రూడ్, డాన్ డ్రోజ్. డ్రోజ్ ఆ ఏప్రిల్‌లోనే యుద్ధంలో చనిపోయాడు. మిగిలినవాళ్ళిద్దరిలో ఒకడు ఎన్నికల్లో నిలబడ్డాడు. ఇక చెప్పాల్సింది ఎవరు? 2004 ఆగస్టు 22న తన పత్రికలోనే రాశాడు. తాను చూసిన మేరకు ఆరోపణలు తప్పని, ఇవి కెర్రీని మాత్రమే కాదు, అక్కడున్న మిగతావాళ్ళనీ మురికి చేస్తున్నాయని. కెర్రీకి ఓటేయమని అడగలేదు.

ఇదంతా అన్నాక ‘అన్‌ఫిట్ ఫర్ కమాండ్’ గురించి నా అసలు అభిప్రాయం చెప్పాలి. అందులో నిజాయితీ ఉన్న భాగం 1971 గురించిన భాగం. యుద్ధం నుంచి వచ్చినవాళ్ళని దేశం హంతకుల్లా చూడడానికి కెర్రీ సాక్ష్యం కారణమైందని వాళ్ళు నిజంగానే నమ్మారు. ముప్ఫై మూడేళ్ళు ఆ మంటతో బతికారు. రెండో యాడ్ ‘సెలౌట్’ పూర్తిగా ఆ సాక్ష్యం మీదే, అందులో ఉన్న బాధ నటన అనిపించదు. ఆ కోపంతో ఏకీభవించకపోవచ్చు (నేను ఏకీభవించను), కానీ అది వాదించదగ్గ కోపం. దాన్ని దాని పేరుతో వాదించకుండా, మోచేతి మీది గాయం ఎంత లోతు, తుపాకీ ఎవరు పేల్చారు అనే లెక్కల వేషం వేయించారు. ఒక యుద్ధం మీద ఉన్న అభిప్రాయభేదం ఒక మనిషి సర్వీసు రికార్డు మీద ఫ్యాక్ట్ చెక్‌గా మారిపోయింది. దాని చివరి మెట్టు న్యూయార్క్ రిపబ్లికన్ సభలో కనబడింది: కొందరు ప్రతినిధులు పర్పుల్ హార్ట్ బొమ్మ వేసిన బ్యాండ్-ఎయిడ్‌లు అంటించుకొచ్చారు. ఇరాక్‌లో సైనికులు అదే పతకం తెచ్చుకుంటున్న రోజుల్లో!

మరి కెర్రీ? అతని క్యాంపెయిన్ చేసిన ఎడిటింగ్ కూడా తక్కువేం కాదు. జూలైలో బోస్టన్ సభలో సెల్యూట్ కొట్టి డ్యూటీకి హాజరవుతున్నానన్నాడు. పడవ కథ వేదికెక్కింది. కంచె అవతలికి రిబ్బన్లు విసిరిన కుర్రాడు కట్ అయిపోయాడు. నా దృష్టిలో ఆ కుర్రాడే కథలో ఆసక్తికరమైన పాత్ర. పైగా 1968 క్రిస్మస్‌కి కంబోడియాలో ఉన్నానని కెర్రీ ఏళ్ళ తరబడి చెప్పిన మాట మీద క్యాంపెయిన్ వెనక్కి తగ్గాల్సి వచ్చింది. ఒక్క దారం ఊడితే చాలు కదా, ఇక లాగేవాళ్ళకి కొదవేముంది? గట్టిగా జవాబివ్వడానికి కెర్రీకి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో వియత్నాం గురించి అందరూ మాట్లాడారు, ఆ యుద్ధం తప్పా ఒప్పా అని మాత్రం ఎవరూ అడగలేదు.

సెప్టెంబరు 8న సీబీఎస్ వంతు. వియత్నాం వెళ్ళకుండా టెక్సస్ ఎయిర్ నేషనల్ గార్డ్‌లో ఉన్న బుష్ అక్కడైనా సరిగ్గా పనిచేశాడా అన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి 1972-73 నాటివంటూ కొన్ని మెమోలు చూపించారు. గంటల్లోనే జనం వర్డ్ తెరిచి, డిఫాల్ట్ సెట్టింగుల్లో అదే టైప్ చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూశారు. అచ్చు సరిపోయింది. పన్నెండు రోజులకు సీబీఎస్ క్షమాపణ చెప్పింది. దీని మీద వచ్చిన ‘ట్రూత్’ (2015) సినిమాలో కేట్ బ్లాంచెట్ నటన గొప్పగా ఉంటుంది, కానీ సినిమా ఆమెని అమరురాల్ని చేసే పనిలో పడి, ఆ కాగితాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఎందుకు గట్టిగా అడగలేదన్న దాన్ని పలచన చేస్తుంది. ఫాంట్ గొడవలో బుష్ ప్రశ్న కొట్టుకుపోయింది.

సాహిత్యం చదివే మనకి ఇందులో ఒక చిక్కుంది. యుద్ధ జ్ఞాపకం నమ్మదగింది కాదని మనకి నేర్పిందే మంచి పుస్తకాలు. టిమ్ ఓబ్రయన్ ‘ద థింగ్స్ దే క్యారీడ్’ (1990)లో కథకుడికి తన పేరే పెట్టి, పుస్తకాన్ని తన కల్పిత పాత్రలకే అంకితమిచ్చాడు. మనం మెచ్చుకున్నాం. మరి థర్లో జ్ఞాపకం దగ్గర మాత్రం కాగితం అడగడం ఏం న్యాయం? నాకు తోచిన తేడా ఇది: ఓబ్రయన్ అనుమానాన్ని ముందు తన మీదికి తిప్పుకున్నాడు. ఇది కల్పన అని అట్ట మీదే వేసుకున్నాడు. యాడ్‌లో ఉన్నవాళ్ళలో ఒక్కరు కూడా ‘నాకు గుర్తున్నంత వరకు’ అనరు.

2024 ఆగస్టులో టిమ్ వాల్జ్ మీద దాడి మొదలైనప్పుడు ఈ యాడ్ చాలామందికి గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? 2004లో ఈ యాడ్‌ల వెనకున్న క్రిస్ లాసివీటానే 2024లో ట్రంప్ క్యాంపెయిన్‌ని నడిపినవాళ్ళలో ఒకరు. ఇరవై నాలుగేళ్ళ నేషనల్ గార్డ్ సర్వీసు తర్వాత 2005లో వాల్జ్ రిటైరవడాన్ని యుద్ధం తప్పించుకోవడమన్నాడు జె.డి. వాన్స్. ఉష చిలుకూరి వల్ల ‘మన అల్లుడు’ అంటూ అప్పటికే తెలుగు వార్తల్లోకెక్కిన వాన్సే. వాల్జ్ కూడా తాను యుద్ధంలో ఆయుధాలు మోశానని ఒకసారి అనేసి, దారం అందించాడు. ఆయన యుద్ధక్షేత్రానికి వెళ్ళలేదు.

ఈ రెండు పుస్తకాలూ చదివే ఓపిక లేకపోతే 1971 జూన్ 30 నాటి డిక్ కావెట్ షో చూడండి. ఇరవై ఏడేళ్ళ కెర్రీ, అదే పడవని అతని తర్వాత నడిపిన ఓ’నీల్, ఇద్దరూ ఎదురెదురుగా. ఓ’నీల్ అంతకు రెండు వారాల ముందే నిక్సన్‌ని కలిసొచ్చాడు, మాట పదునుగా ఉంటుంది. కెర్రీ కాస్త ఉపన్యాసం ఇస్తాడు. వాదించుకున్నది యుద్ధ నేరాల గురించి, సైన్యం వెనక్కి రావాలా వద్దా అన్న దాని గురించి. యుద్ధం అప్పటికింకా నడుస్తోంది.