గడువు అడిగినవాడికి విడుపు: మత్తయి సువార్తలోని అప్పులవాడి కథ

తెలుగులో తప్పును క్షమిస్తారు. అప్పునైతే మాఫీ చేస్తారు, రద్దు చేస్తారు, కొట్టేస్తారు. 'అప్పు క్షమించడం' అని వాడుకలో ఎవరూ అనరు. తెలుగు బైబిలులో మాత్రం ఈ జంట కనిపిస్తుంది. మత్తయి సువార్త 18వ అధ్యాయం చివర యేసు చెప్పిన కథలో ఒక రాజు తన సేవకుడి అప్పును 'క్షమిస్తాడు'. అనువాద సాహిత్యం చదువుతున్న మీకు ఇది అనువాదకుని తడబాటులా తోచవచ్చు. నాకు అలా తోచదు. ఆ కథ బలమంతా ఈ పొసగని జంటలోనే ఉందని నా అభిప్రాయం. క్రైస్తవ విశ్వాసంలో దేవుని కనికరం, క్షమ అనే భావాలు చాలా విస్తారమైనవి. వాటినన్నిటినీ పైపైన తడమడం కంటే ఈ ఒక్క కథను దగ్గరగా చదవడం మేలు. మీరు ఏ మతస్థులైనా, ఏ మతమూ పాటించనివారైనా ఇబ్బంది లేదు. కథను కథగానే చదవండి.

ముందు కథ. తనకు తప్పు చేసిన సహోదరుణ్ణి ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లు చాలా అని పేతురు అడుగుతాడు. డెబ్భై ఏళ్లమార్లు అని యేసు జవాబిస్తాడు. పాత నిబంధనలో లెమెకు అనే పాత్ర తన పగను ఇలాగే ఏడు, డెబ్భైల లెక్కలో పెంచి చెప్పుకుంటాడు. ఆ పగ లెక్కను తిరగేసినట్టుంది ఈ జవాబు. ఆ తర్వాత వచ్చేదే మన కథ. ఒక రాజు తన సేవకుల లెక్కలు చూడడానికి కూర్చుంటాడు. పదివేల తలాంతులు బాకీపడ్డ ఒకణ్ణి తీసుకొస్తారు. కట్టడానికి వాడి దగ్గర ఏమీ లేదు. వాణ్ణి, భార్యను, పిల్లల్ని, ఉన్నదంతా అమ్మి బాకీ రాబట్టమని రాజు ఆజ్ఞ ఇస్తాడు. వాడు కాళ్లమీద పడి, ఓపిక పట్టమని, అంతా కట్టేస్తానని వేడుకుంటాడు. రాజు కనికరపడి వాణ్ణి వదిలేస్తాడు, అప్పూ వదిలేస్తాడు. వాడు బయటికి వస్తూనే తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి సేవకుణ్ణి గొంతు పట్టుకుంటాడు. అతడూ అవే మాటలతో వేడుకుంటాడు. వీడు వినక అతణ్ణి చెరసాలలో వేయిస్తాడు. చూసిన తోటివాళ్లు బాధపడి రాజుకు చెబుతారు. రాజు మొదటివాణ్ణి పిలిపించి, చీవాట్లు పెట్టి, బాకీ అంతా తీరేదాకా బాధపెట్టేవారికి అప్పగిస్తాడు.

మాటల సంగతి

ఈ కథ తెలుగులోకి వచ్చిన దారి పొడవైనది. లండన్ మిషన్ తరఫున డేగ్రాంజస్, క్రాన్ అనే ఇద్దరు 1805లో విశాఖపట్నం చేరారు. ఆనందరాయరు అనే తెలుగు పండితుని సాయంతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. ఆ పనిలో కొంత 1812లో శ్రీరాంపూరులో అచ్చయింది. ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన 1818లో వెలువడింది. ఆ తర్వాత సవరణలు ఎన్నో జరిగాయి. నేడు ప్రొటెస్టెంటు సంఘాలలో చదివే పాఠంలో మన కథానాయకుడు పదివేల తలాంతులు 'అచ్చియున్న'వాడు. అచ్చియుండడమంటే బాకీపడి ఉండడం. ఈ క్రియ వాడుకలోంచి దాదాపు పోయింది. ఆదివారం ఆరాధనలో ఈ మాట వింటున్నవారిలో ఎందరికి అర్థం తెలుసో గాని, పల్లెల్లో దీన్ని ఇప్పటికీ బ్రతికిస్తున్నది బైబిలే.

యేసు మాట్లాడిన భాష అరమాయిక్. అందులో 'హోబా' అనే ఒకే మాటకు అప్పు అనీ, పాపం అనీ రెండర్థాలు ఉన్నాయి. వినేవాడికి రెండూ ఒకేసారి వినిపిస్తాయి. తెలుగులో అలాంటి మాట లేదు. పరలోక ప్రార్థన దగ్గర అనువాదకులు సంస్కృతపు 'ఋణము'ను ఎంచుకున్నారు. ఇంగ్లిష్ ప్రార్థన పుస్తకం అక్కడ అతిక్రమం అనే అర్థమిచ్చే మాటకు జరిగిపోయి డబ్బు వాసనను పోగొట్టుకుంది. తెలుగు పోగొట్టుకోలేదు. అయితే 'ఋణం' మనకు మరో లోకపు మాట. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మూడింటిని వైదిక సంప్రదాయం చెబుతుంది. తల్లి ఋణం తీరదంటాం, ఋణానుబంధం అంటాం. ఈ ఋణంలో మర్యాద ఉంది, మమత ఉంది. 'అప్పు'లో అవి లేవు. ప్రార్థనలో 'ఋణము', కథలో 'అప్పు' అని రెండు మాటలు పడటం వల్ల ఈ రెండింటికీ ఉన్న చుట్టరికం తెలుగు పాఠకుడికి కాస్త మరుగున పడింది. రోజూ చేసే ప్రార్థనలోని ఋణం, గొంతు పట్టుకున్న చోటి అప్పు ఒకటేనని తట్టదు. ఈ విషయంలో కతోలిక తెలుగు ప్రార్థన ముక్కుసూటిగా ఉంది. అందులో వినిపించేది అప్పే, దాని పక్కన 'మన్నించు' అనే అచ్చ తెలుగు క్రియ. సాహిత్య దృష్టితో చూస్తే ఆ ఎంపికే మెరుగని నేను అనుకుంటాను.

గ్రీకు మూలంలో క్షమించడానికి వాడిన క్రియ 'అఫియేమి'. వదిలిపెట్టడం, పోనివ్వడం దాని మొదటి అర్థం. మనిషిని వదలడానికీ, అప్పును వదలడానికీ ఆ ఒక్క మాటే సరిపోతుంది. ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయంలో ఏడేళ్లకొకసారి అప్పులను వదిలేయాలన్న విధి ఉంది. తెలుగు బైబిలు దాన్ని 'విడుపు' అంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. దీనితోనే మనకు పని.

ఒక లెక్క

తలాంతులు, దేనారాలు పరాయి డబ్బు లెక్కలు కావడంతో తెలుగు పాఠకుడు అంకెలను దాటుకుంటూ పోతాడు. కథ వ్యంగ్యం ఉన్నది ఆ అంకెలలోనే. దేనారం ఒక కూలివాడి రోజు కూలి. మత్తయిలోనే 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కూలీలకు ముట్టింది అదే. ఒక తలాంతు 6,000 దేనారాలు. అంటే పదివేల తలాంతులు 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనికి పోయి, పైసా ఖర్చు పెట్టకుండా కట్టినా 2 లక్షల ఏళ్లు పడుతుంది. చరిత్రకారుడు జోసీఫస్ ప్రకారం గలిలయ, పెరయ ప్రాంతాల నుంచి హేరోదు అంతిపకు ఏటా వచ్చిన రాబడి 200 తలాంతులు. కథలోని బాకీ దానికి 50 రెట్లు. అందుకే ఈ సేవకుడు మామూలు నౌకరు కాడని, ఏదో సీమ శిస్తును గుత్తకు తీసుకున్న పెద్ద అధికారి అయి ఉంటాడని వ్యాఖ్యాతలు చాలామంది అంటారు. సబబే. రాజు లెక్కలకు కూర్చోవడం జమాబందీని తలపిస్తుంది. అయినా అంత బాకీ ఏ గుత్తదారుకూ ఉండదు. కథకుడు కావాలనే పెద్ద అంకె వేశాడు.

రెండోవాడి నూరు దేనారాలు నూరు రోజుల కూలి. ఇది మీకు తెలిసిన అంకె. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైనప్పుడు ఒక కుటుంబానికి ఏడాదికి ఇస్తామన్న పని సరిగ్గా 100 రోజులే. అది చిన్న మొత్తమేమీ కాదు. కూలి ఇంటికి అది ఏడాది ఆధారం. అయినా తీర్చగలిగిన అప్పు.

గడువు వేరు, విడుపు వేరు

ఇప్పుడు ఇద్దరి వేడుకోలు మళ్లీ చూడండి. మాటలు దాదాపు ఒకటే. ఓపిక పట్టు, కట్టేస్తాను. క్షమించమని గాని, వదిలేయమని గాని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ఇద్దరూ అడిగింది గడువు.

గోరంట్లలో, ఆ చుట్టుపక్కల మెట్ట పల్లెల్లో గడువు అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. గోరంట్ల 2022 దాకా అనంతపురం జిల్లాలో ఉండేది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు పడే ఈ సీమలో వేరుశెనగ విత్తనానికి అప్పు చేసినవాడు పంట మీద కడతానంటాడు. వాన రాకపోతే ఇంకో పంట దాకా ఆగమంటాడు. ప్రోనోటుకు చట్టంలో ఉన్న కాలపరిమితి మూడేళ్లు. అది దాటకముందే నోటు తిరగరాయిస్తారు. అప్పటిదాకా పెరిగిన వడ్డీ కొత్త నోటులో అసలవుతుంది. గడువు దొరికినవాడికి ఆ పూట ఊపిరి ఆడుతుంది, అప్పు మాత్రం పెరుగుతుంది. విడుపు అలాంటిది కాదు. అందులో నోటే చింపేస్తారు.

మొదటి సేవకుడు గడువు అడిగాడు, రాజు విడుపు ఇచ్చాడు. కథకు కీలకం ఇక్కడ ఉంది. ప్రసంగాలలో గాని, పాఠ్యపుస్తకాలలో గాని దీనిమీద నిలిచినవారు తక్కువ. వాణ్ణి కృతఘ్నుడని తిట్టి ముందుకు సాగిపోతారు. కృతఘ్నుడే, కాదనను. కాని తనకు ఏమి దక్కిందో వాడికి అర్థమైందా? 2 లక్షల ఏళ్ల బాకీని అంతా కట్టేస్తానన్నవాడు బయటికొచ్చి నూరు దేనారాల వెంట పడ్డాడు. మనసులో వాడింకా బాకీదారుడే. పైసాపైసా కూడబెట్టి కట్టాలనే లెక్కలోనే ఉన్నాడు. రాజు నోటు చింపాడు, వీడు చినగని నోటును జేబులో పెట్టుకునే బయటికొచ్చాడు. రెండోవాడి సంగతి ఇంకా కఠినం. అతడికి విడుపు కూడా అక్కర్లేదు, అతడడిగిన గడువు ఇచ్చినా తీరిపోయేది. తనకు దొరికినదానిలో వెయ్యోవంతు కూడా తోటివాడికి ఇవ్వలేదు వీడు.

ఇలా చదివితే కథ చివర ఉన్న పెద్ద చిక్కు కొంత విడుతుంది. కనికరపడ్డ రాజే క్షమను వెనక్కి తీసుకుంటే, దేవుని కనికరం హద్దులేనిదని చెప్పడం ఎలా? ఇచ్చి లాక్కునే దేవుడా అని విద్యార్థులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. రాజు చివర కొత్త శిక్ష ఏదీ కనిపెట్టలేదని గమనించండి. సేవకుడు తోటివాడికి వర్తింపజేసిన లెక్కనే వాడికీ వర్తింపజేశాడు. బాకీ తీరేదాకా చెర, అంతే. వదలకుండా బతుకుతానన్నవాణ్ణి ఆ పద్ధతికే వదిలేశాడు. ఇది పూర్తి సమాధానమని నేను అనను. ఆ బాధపెట్టేవారి మాట ఎవరు ఎంత వివరించినా గొంతులో ముల్లులాగే ఉంటుంది. ఉండనివ్వడమే మంచిది.

మరొక తెలుగు కథను దీని పక్కన పెట్టి చూడవచ్చు. కంచర్ల గోపన్న సర్కారు శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి గోల్కొండలో ఖైదయ్యాడు. సంప్రదాయ కథలో రామలక్ష్మణులే వచ్చి తానీషాకు ఆరు లక్షలూ చెల్లించి రసీదు తీసుకుంటారు. అక్కడా శిస్తు బాకీయే, అక్కడా రాజే, అక్కడా దయే. కాని రామదాసు కథలో అప్పు తీరింది, దేవుడు కట్టాడు. మత్తయి కథలో అప్పు తీరలేదు, ఎవరూ కట్టలేదు, రాజు నష్టపోయాడు. క్రైస్తవంలో చెల్లింపు భావన లేదని కాదు. మత్తయిలోనే మరోచోట 'క్రయధనము' అనే మాట ఉంది. 11వ శతాబ్దం చివర అన్సెల్మ్ అనే వేదాంతి మనిషి బాకీని దేవుడే మనిషై వచ్చి తీర్చాడని పెద్ద సిద్ధాంతం కట్టాడు. అది రామదాసు కథకు చాలా దగ్గరగా ఉంటుంది. తెలుగు శ్రోతకు అది సులువుగా అందడానికి ఈ పోలికా ఒక కారణం కావచ్చు. అయితే ఆ సిద్ధాంతాన్ని తెచ్చి ఈ కథమీద కప్పకండి. ఇక్కడ రసీదు లేదు.

ఎవరు వదలాలి

క్షమాగుణాన్ని ఎప్పుడూ బక్కవాడికే బోధించడం మన సమాజంలో పాత అలవాటు. దెబ్బ తిన్నవాణ్ణి ఓర్చుకోమంటారు, కూలి ఎగ్గొట్టినవాణ్ణి మన్నించమంటారు. ఈ కథను అందుకు వాడినవారూ ఉన్నారు. అది తప్పుడు పఠనం. కథలో వదలాల్సినవాడు ప్రతిచోటా పైచేయి ఉన్నవాడే. మొదట రాజు, తర్వాత అప్పిచ్చిన సేవకుడు. నూరు దేనారాలవాణ్ణి ఎవరినీ క్షమించమని కథ అడగలేదు. అన్యాయం చూసిన తోటి సేవకులూ నోరు మూసుకోలేదు, రాజు దగ్గరికి పోయారు. వాళ్లను కనికరం లేనివారని కథకుడు అనడు.

వదిలేస్తూ పోతే రేపు అప్పెవరిస్తారన్న ప్రశ్న కూడా పాతదే. ఏడవ ఏడు దగ్గర పడిందని బీదవాడికి అప్పివ్వకుండా ఉండొద్దని ద్వితీయోపదేశకాండమే హెచ్చరిస్తుంది. జనం ఆ హెచ్చరికను లెక్కచేయకపోవడంతో, యేసు కంటే కొంచెం ముందువాడైన హిల్లేలు అనే పండితుడు ఒక ఏర్పాటు చేశాడు. పత్రాలను న్యాయసభకు అప్పగిస్తే ఏడవ ఏడు వచ్చినా ఆ అప్పులు రద్దుకావు. బీదలకు అప్పు పుట్టడానికే అలా చేశాడు. అతణ్ణి తీసిపారేయలేం.

మన ప్రభుత్వాల మాఫీలకూ హద్దులు ఉన్నాయి. 2008 కేంద్ర రుణమాఫీ 2 హెక్టార్ల లోపు రైతులకు పూర్తిగా, మించినవారికి కొంతమేర వర్తించింది. నీళ్లున్న చోట 2 హెక్టార్లు ఆస్తి, గోరంట్ల మెట్టలో దానికి రెట్టింపున్నవాడూ బీదవాడే. పైగా అది బ్యాంకు, సహకార సంఘాల అప్పులకే పరిమితం. ప్రోనోటు జోలికి పోలేదు. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కుటుంబానికి లక్షన్నర దాకా ప్రకటించిన మాఫీ విడతలవారీగా వచ్చింది. విడుపును వాయిదాల్లో ఇస్తే అందులో సగం గడువే. నా దృష్టిలో మన చట్టాలలో 'విడుపు' మాటకు దగ్గరగా వచ్చింది 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం. వెట్టికి కారణమైన అప్పు ఇక చెల్లించనక్కర్లేదని, అది అంతరించిందని ఆ చట్టం చెప్పింది. పల్లెలో అది ఎంత అమలైందన్నది వేరే పాఠం.

కథను మళ్లీ ఒకసారి మీరే చదవండి. చదివేటప్పుడు నూరు దేనారాలవాడు చివరికి ఏమయ్యాడో వెతకండి. రాజుకు కోపం వచ్చింది, మొదటివాడు చెరలో పడ్డాడు. రెండోవాణ్ణి విడిపించినట్టు కథలో ఎక్కడా లేదు.