అశ్లీలదోషం – ప్రకటనకర్తల నియమావళి: యూట్యూబ్ పాఠంపై ఒక పరిశీలన

మౌఖిక తెలుగును పరిశీలించేవారికి యూట్యూబ్ నేడొక పెద్ద ఆకరం. వంట, సేద్యం, వార్తావ్యాఖ్య, కథాకథనం – ఏ విషయంలోనైనా అచ్చులో దొరకని నుడికారం అక్కడ వినిపిస్తుంది. అయితే ఆ పాఠాన్ని విశ్లేషించేటప్పుడు వక్త, శ్రోత అనే ఇద్దరినే లెక్కలోకి తీసుకోవడం సరిపోదు. అక్కడ మూడవ పక్షం ఒకటుంది. అది వీడియోను చూడదు, వినదు. దాని పక్కన తన సరుకు పేరు కనిపించడానికి డబ్బు చెల్లిస్తుంది. వక్త ఎంచుకొనే మాటను ఈ పక్షం ఎలా శాసిస్తుందో గుర్తించకపోతే, ఆ మాటల నుండి భాషాసమాజం గురించి తీసే నిర్ణయాలు తప్పుదారి పట్టే ప్రమాదముంది.

యూట్యూబ్ తన ప్రకటనల ఆదాయంలో సృష్టికర్తలకు వాటా ఇచ్చే పద్ధతిని 2007లో మొదలుపెట్టింది. నిడివి గల వీడియోలపై వచ్చే ఆదాయంలో వారి వాటా 55 శాతం. 2017లో తీవ్రవాద వీడియోల మీద ప్రముఖ సంస్థల ప్రకటనలు వస్తున్నాయని లండన్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. బ్రిటిష్ ప్రభుత్వం, గార్డియన్ పత్రిక, ఆపై ఏటీ అండ్ టీ, జాన్సన్ అండ్ జాన్సన్ వంటి సంస్థలు తమ ప్రకటనలను నిలిపివేశాయి. ఆ తర్వాతే ‘ప్రకటనకర్తలకు అనుకూలమైన విషయం’ అన్న నియమావళి అమలు కఠినమైంది. ప్రతి వీడియోనూ యంత్రం ముందుగా పరిశీలించి, పూర్తిగా తగినదైతే ఆకుపచ్చ డాలరు గుర్తు, సందేహాస్పదమైతే పసుపు డాలరు గుర్తు వేస్తుంది. తెలుగువారికి మంగళసూచకమైన పసుపు ఇక్కడ అమంగళానికి గుర్తు కావడం యాదృచ్ఛికమే. వీడియో తొలగిపోదు, దాని ఆదాయం తగ్గుతుంది, లేదా ఆగిపోతుంది. మనుషులచేత మళ్లీ పరిశీలింపజేయమని కోరవచ్చు. కాని వార్తావ్యాఖ్య వంటి వాటిని ఎక్కువమంది చూసేది తొలి రోజుల్లోనే గనుక, ఆలస్యంగా మారిన రంగు పోయిన రాబడిని తిరిగి తేదు.

ఈ నియమావళిలోని శీర్షికలు అలంకారశాస్త్రం చదివినవారికి కొత్తవి కావు. వామనుడు మొదలుకొని మమ్మటుని వరకు ఆలంకారికులు అశ్లీలాన్ని వ్రీడ, జుగుప్స, అమంగళం అని మూడు విధాలుగా చెప్పారు. యూట్యూబ్ పట్టికలో లైంగిక విషయం, బూతుమాట మొదటిదానికి. రోత పుట్టించే దృశ్యం రెండవదానికి. మరణం, యుద్ధం, విపత్తు వంటి ‘సున్నిత ఘటనలు’ మూడవదానికి చేరువగా ఉన్నాయి. పొగాకు, తుపాకులు, మాదకద్రవ్యాల వంటివి ఈ చట్రంలో ఇమడవు. పోలికను అంతవరకు లాగడం అనవసరం.

పోలిక కంటే భేదమే ముఖ్యం. ఆనందవర్ధనుడు శ్రుతిదుష్టాది దోషాలను అనిత్యాలన్నాడు. రసాన్ని బట్టి, వక్తను బట్టి, సందర్భాన్ని బట్టి దోషం దోషం కాకపోవచ్చు, గుణమే కావచ్చు. శమప్రధానమైన కథలో జుగుప్స గుణమవుతుందని మమ్మటుడు అంగీకరించాడు. తెలుగులో ‘చంపేశావు పో’ అన్నది మెచ్చుకోలు కాగలదు, ‘చావు’ అన్నది విసుగు మాత్రమే కాగలదు. యూట్యూబ్ కూడా విద్యాత్మక, డాక్యుమెంటరీ సందర్భాలకు మినహాయింపు ఉందంటుంది. అయితే ఆ సందర్భాన్ని నిర్ణయించే కొలమానం వేరు. ఆలంకారికుడు అడిగినది సహృదయునికి రసభంగమైందా అని. ఇక్కడి ప్రశ్న, ఈ మాట పక్కన ఒక సబ్బు పేరు ఉండవచ్చునా అని. ప్రేక్షకుడు కన్నీరు పెట్టినా, మెచ్చుకొన్నా, ఆ ప్రశ్నకు జవాబు మారదు.

2020 ఆరంభంలో కరోనా సున్నిత ఘటనల కిందికి వచ్చింది. ఆ వ్యాధి మీద కేంద్రీకరించిన వీడియోలకు ప్రకటనలు రాకపోవడంతో పలువురు సృష్టికర్తలు దాని పేరెత్తకుండా డొంకతిరుగుడుగా మాట్లాడారు. మార్చిలో సంస్థే నియమాన్ని సడలించడం మొదలుపెట్టింది. లోకమంతా వినవలసిన పేరు కొన్ని వారాలపాటు ఖరీదైన పేరైంది.

పేరెత్తకపోవడం తెలుగువారికి కొత్త కాదన్న వాదం రావచ్చు. దీపం కొండెక్కింది అంటారు, బియ్యం నిండుకున్నాయి అంటారు, మశూచికం సోకితే అమ్మవారు పోసిందంటారు. నిజమే. కాని ఈ మాటల వెనుక ఉన్నది వినేవారి పట్ల మర్యాద, లేదా అదృశ్యశక్తి పట్ల భయం. ఆ భయాన్ని చెప్పేవారూ వినేవారూ పంచుకొంటారు. టిక్‌టాక్, యూట్యూబ్ వంటి వేదికల మీద ఆంగ్లంలో ఆత్మహత్యకు బదులుగా వ్యాపించిన ‘అన్‌అలైవ్’ అన్న మాటలో ఆ పంపకం లేదు. యంత్రం కన్ను కప్పడానికి పుట్టిన మాట అది. 2024లో సియాటిల్‌లోని పాప్ సంస్కృతి మ్యూజియం ఒక గాయకుని మరణాన్ని ఆ మాటతోనే పలక మీద రాసి విమర్శకు గురైంది. వేదిక నియమం వేదిక దాటి వచ్చిందనడానికి అదొక నిదర్శనం.

పత్రికలు కూడా ప్రకటనల మీదనే బతికాయి కదా అన్నది మరింత బలమైన ఆక్షేపం. అయితే వారపత్రికలో ప్రకటనకర్త కొనేది పత్రికలో చోటు. ఫలానా కథ పక్కన చోటు కాదు. కథకునికి, ప్రకటనకర్తకు మధ్య సంపాదకుడు ఉండేవాడు. ఒత్తిడికి అతడు లొంగి ఉండవచ్చు. లొంగితే నిలదీయడానికి పేరున్న మనిషి దొరికేవాడు. యూట్యూబ్‌లో ప్రతి వీడియోకూ ప్రకటన విడిగా వేలానికి వస్తుంది. సంపాదకుని కుర్చీలో సృష్టికర్తే కూర్చొని తన మాటను తానే కత్తిరించుకొంటాడు.

ప్రభుత్వ నిషేధంతో పోల్చినా ఇదే తేలుతుంది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ప్రకటించిన ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ను నిషేధించినప్పుడు ఒక ఉత్తరువు ఉంది, ఎదిరించడానికి ఒక ప్రభుత్వం ఉంది. టంగుటూరి ప్రకాశం కాలంలో ఆ నిషేధం తొలగింది. కావ్యం మిగిలే ఉంది గనుక మళ్లీ అచ్చయింది. పసుపు గుర్తు దేనినీ నిషేధించదు. దానికి భయపడి చెప్పకుండా వదిలిన మాటకు ప్రతి ఉండదు, పునర్ముద్రణ ఉండదు.

తెలుగు నేల మీద ఈ వదిలివేతకు ఎక్కువ మూల్యం చెల్లించగల పదం ‘ఆత్మహత్య’. కౌలురైతు గురించి మాట్లాడే వక్త రాబడి కోసం దానిని ‘చనిపోయాడు’ అని మార్చితే వాక్యం మృదువవుతుంది, అప్పు, పంట, వడ్డీ ఆ వాక్యం నుండి జారిపోతాయి. 2004 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జీవో 421 కింద పరిహారం అందాలంటే ఆ మరణం సేద్యపు కష్టాల వల్ల జరిగిన ఆత్మహత్యేనని అధికారులు ధ్రువీకరించవలసి ఉండేది. రైతు కుటుంబం కాగితం మీద రాయించుకోవడానికి తిరిగే పదమూ, వీడియోలో వక్త నోట రాకుండా ఆగిపోయే పదమూ ఒకటే. అటువంటి వీడియోలను లిప్యంతరీకరించి పదసూచి తయారుచేసే పరిశోధకుడు, ఆ పదం అరుదుగా వస్తున్నదని చూసి, గ్రామీణులు మరణాన్ని సౌమ్యంగా చెబుతారని రాసే ముందు, ఆ వీడియోలో ప్రకటనలు ఎక్కడెక్కడ వస్తున్నాయో కూడా తన పట్టికలో నమోదు చేసుకోవాలి.