పట్టికకూ పటానికీ ముడి

గోదావరిఖనిలో చిరునామాలు బాయిల (బొగ్గు గనుల) పేర్లతోనే నడుస్తాయి. ఎయిట్ ఇంక్లైన్ కాలనీ అంటే ఆటో డ్రైవర్ ఇంకేమీ అడగడు. కంప్యూటర్‌కు అలా కుదరదు. ఒక రిజిస్టర్లో '8 ఇంక్లైన్', ఇంకోదాంట్లో 'ఎయిటింక్లైన్', మరోచోట '8వ ఇంక్లైన్ కాలనీ' అని రాసి ఉంటే దాని లెక్కలో అవి మూడు చోట్లు. పైగా ఒకే ఇంటికి ఇంటిపన్ను నంబరు ఒకటి, కరెంటు సర్వీసు నంబరు ఒకటి, నల్లా కనెక్షన్‌ది వేరొకటి. సింగరేణి క్వార్టరైతే దాని నంబరు ఇంకొకటి. ఇవన్నీ ఒకే గడపవని చెప్పగలగడమే డేటాబేస్ విద్యలో మొదటి మెట్టు.

ఈ విద్య బొగ్గుబెల్టుకు పరాయిది కాదు. గని సర్వేయర్ చేసే పని ఇదే. బాయి పైకప్పులో స్టేషన్ గుర్తు బిగించి, నంబరిచ్చి, దాని నుంచి తూకం గుండు వేలాడదీసి, థియోడొలైట్‌తో కోణాలు కొలుస్తాడు. ప్రతి కొలతా తేదీతో, స్టేషన్ నంబరుతో పుస్తకంలో చేరుతుంది. ప్లాను మీది గీత ఆ పుస్తకం నుంచే పుడుతుంది. పుస్తకం పట్టిక, ప్లాను పటం, స్టేషన్ నంబరు రెండింటినీ కలిపే ముడి.

ఈ శ్రద్ధ మీద ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. నీళ్లు నిలిచిన పాత తవ్వకాలకు 60 మీటర్ల లోపు అనుమతి లేకుండా తవ్వకూడదన్నది గని నిబంధన. 2002లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, పక్కనున్న పాత గని చివరి ప్లాను అందుబాటులో లేక క్వీక్రీక్ గని కార్మికులు దాని గోడను తవ్వేశారు. నీటిలో చిక్కుకున్న 9 మందిని మూడు రోజుల తర్వాత బయటికి తీయగలిగారు. మనకు ఆ అదృష్టం దక్కలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిని నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. భూమి లోపల నీరు ఎక్కడుందో తెలియడం ఎంత అవసరమో ఈ ఊరికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఊరి పైపులకూ ఇదే క్రమశిక్షణ కావాలి. ప్రతి నల్లాకు, వాల్వుకు, మ్యాన్‌హోల్‌కు ఎన్నటికీ మారని నంబరు ఇవ్వాలి. దాన్నే కీ అంటారు. యజమాని పేరును కీగా పెట్టుకుంటే ఇల్లు అమ్మిన రోజే ముడి తెగిపోతుంది. కాలనీల పేర్లను విడిగా ఒకే పట్టికలో నంబర్లతో రాసుకుని, మిగతాచోట్ల ఆ నంబరే వాడాలి. తర్వాత జాయిన్: నల్లా పట్టికను పన్ను పట్టికతో ఇంటి నంబరు మీద కలపడం. కలవని వరసల జాబితా పట్టుకుని మనిషి వీధిలోకి వెళ్లాలి. పన్ను కడుతున్నా నల్లా లేని ఇల్లు అక్కడే బయటపడుతుంది.

ఇక స్థలం లెక్క. పాత ప్లాన్లకు తమ సొంత గ్రిడ్ ఉంటుంది. ఫోన్ జీపీఎస్ ఇచ్చేవేమో అక్షాంశ రేఖాంశాలు. గోదావరిఖని ఉన్న రామగుండం ప్రాంతం, మీటర్లలో కొలిచే యూటీఎం గ్రిడ్‌లో 44వ జోన్‌లోకి వస్తుంది. అన్నిటినీ అందులోకి మారిస్తే దూరాలు మీటర్లలో అడగొచ్చు. 'ఈ పగిలిన తాగునీటి పైపుకు 10 మీటర్ల లోపు మురుగు లైను ఉందా?' అన్న ప్రశ్నకు పోస్ట్‌జీఐఎస్‌లో నాలుగు వరసల క్వెరీ చాలు. జవాబును క్యూజీఐఎస్ పటం మీద చూపిస్తుంది. రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లే. డిప్లొమా చదివే అమ్మాయి తన కాలనీ వాల్వులతోనే సాధన మొదలుపెట్టొచ్చు.

ఆమెకు మొదటి గురువు నీళ్లు వదిలే మనిషి. రోడ్డు మీద సిమెంటు పోసినా 'ఈ వేపచెట్టు నుంచి నాలుగడుగులు' అని వాల్వు ఎక్కడుందో ఆయన చూపిస్తాడు. ఆ నాలుగడుగులను నంబరు, కోఆర్డినేట్లు, తేదీ, చూపినవారి పేరు అనే గడుల్లో ఆమె రాసుకోవాలి. ఆయన రిటైరయ్యాక ఏదో అర్ధరాత్రి పైపు పగిలితే, అప్పటికి వేపచెట్టు కొట్టేసి ఉన్నా సరే, కొత్తగా చేరిన ఫిట్టర్ నేరుగా ఆ వాల్వు దగ్గరికే వెళ్తాడు.