సున్నకు చోటులేని నిర్వచనము

క్రీ.పూ. 300 ప్రాంతమున యూక్లిడు రచించిన ‘ఎలిమెంట్స్’ ఏడవ భాగములో, చిన్నసంఖ్య పెద్దసంఖ్యను శేషము లేకుండ కొలిచినచో పెద్దది చిన్నదానికి గుణిజమని నిర్వచనము కలదు. ఇది సుబోధకమే. కాని ‘చిన్న, పెద్ద’ అను మాటలచే 6 తనకు తానే గుణిజము కాజాలదు; సున్నకు అసలే చోటు లేదు.

గుణకారమును ఆధారముగ గైకొన్నచో చిక్కు తీరును. క × గ = చ అగునట్లు ‘గ’ అను పూర్ణాంకము ఉన్నచో, ‘చ’కు ‘క’ కారణాంకము; ‘క’కు ‘చ’ గుణిజము. 6 × 0 = 0 గనుక సున్న 6కు గుణిజమే; ప్రతి పూర్ణాంకమునకును అంతే. సున్న మాత్రము సున్నకే కారణాంకము. అట్లని 0 ÷ 0 చేయరాదు; 0 × 5, 0 × 7 రెండును సున్నయే గనుక భాగఫలము నిర్ణయింపబడదు. కారణాంకమగుట వేరు, భాగించుట వేరు. ఉపాధ్యాయులు ఈ భేదమును మొదటనే చూపుట మేలు.