తోడు నడిచేవాళ్లకూ ఒక లెక్కుంది

కత్తి పట్టేవాడొకడు, మంత్రం వేసేవాడొకడు, తాళాలు తీసేవాడొకడు, గాయాలు మాన్పేవాడొకడు. ఫాంటసీ రోల్ ప్లేయింగ్ వీడియో గేముల్లో జట్టంటే చాలాకాలం ఇంతే. అమెరికాలో 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వీటికి మూలం. అది బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. ఒక్కో పాత్ర వెనుక ఒక్కో మనిషి ఉంటాడు, వాదిస్తాడు, అలుగుతాడు. 1981లో ‘విజర్డ్రీ’ ఆరుగురి జట్టును కంప్యూటర్‌లోకి తెచ్చాక ఆ ఆరుగురినీ ఒక్కరే నడపడం మొదలైంది. పోట్లాట శత్రువుతోనే మిగిలింది, జట్టులో లేకుండా పోయింది.

పోయిన ఆ పోట్లాటను లెక్కల దారిన తిరిగి తెచ్చిన ఆటల్లో, కెనడాకు చెందిన బయోవేర్ 1998లో చేసిన ‘బాల్డర్స్ గేట్’ ముఖ్యమైంది. అందులో ఖాలిద్, జహీరా ఆలుమగలు. ఒకరిని పొమ్మంటే ఇద్దరూ పోతారు. జట్టు పరువుకు ఒక అంకె ఉంటుంది. అది బాగా దిగజారితే మంచివాళ్లు వెళ్లిపోతారు, మరీ పెరిగితే దుర్మార్గులు వెళ్లిపోతారు.

బెల్జియం సంస్థ లారియన్ స్టూడియోస్ 2023లో విడుదల చేసిన ‘బాల్డర్స్ గేట్ 3’ ఈ విద్యను చాలా దూరం తీసుకెళ్లింది. ఒకసారికి నలుగురే బయల్దేరాలి. యుద్ధం వంతులవారీగా సాగుతుంది. తాళం తీయాలన్నా, కాపలావాణ్ణి మాటలతో ఒప్పించాలన్నా ఇరవై ముఖాల పాచిక వేయాలి. జట్టులోని షాడోహార్ట్ పక్కనుండి ‘గైడెన్స్’ మంత్రం వేస్తే, నాలుగు ముఖాల పాచిక మీద పడిన అంకె కూడా కలుస్తుంది.

అసలు నేర్పు వేరేచోట ఉంది. మాంత్రికుడు గేల్ గుండెలో ఒక మాయాశక్తి చిక్కుకుంది. అది శాంతించాలంటే మహిమగల వస్తువులు దానికి ఆహుతి కావాలి. మన యోధుడి మెడలో వేద్దామనుకున్న తాయెత్తు అతనికి ఇచ్చేయాలి. రక్తపిపాసి ఆస్టేరియన్‌ను మన నెత్తురు తాగనిస్తే అతని పాచికలకు బలం వస్తుంది, మన పాచిక మీద పడే అంకెలో ఒకటి తగ్గుతుంది. అతని ఆకలిని పేజీలకొద్దీ సంభాషణ వర్ణించనక్కర్లేదు. మరుసటి పోరులో గురి తప్పిన దెబ్బే చెబుతుంది.

మన పనులను సహచరులు మెచ్చుకుంటున్నారో లేదో కూడా ఆట లెక్కగడుతుంది. శరణార్థులు తలదాచుకున్న వనం మీద గాబ్లిన్లతో కలిసి దాడి చేస్తే వాళ్ల వైపునున్న మింతారా మన జట్టులో చేరవచ్చు. సహచరులైన విల్, కార్లాక్ మాత్రం మనల్ని వదిలేస్తారు. ధర్మసంకటానికి ఇక్కడ వెల ఉంది: ఇద్దరు ఆరితేరిన పోరాటగాళ్లు.

ఈ పద్ధతికి లోపం లేకపోలేదు. మెప్పు అంకె అయ్యాక దాన్ని పోగేసుకునేవాళ్లు పుడతారు. ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ అనే మరో ఆటలో కానుకలిచ్చి కూడా మెప్పు పెంచుకోవచ్చు. పాచిక తిరగబడితే సేవ్ చేసుకున్న చోటికి వెనక్కి వెళ్లి మళ్లీ వేసేవాళ్లూ ఉన్నారు. అలా ఆడితే సహచరులు మళ్లీ పనిముట్లే.

అందుకే కొత్తగా ఆడబోయేవాళ్లకు ఒక మాట. మీ మాటకు తలూపే ముగ్గురినే వెంటేసుకోకండి, ఎదురుచెప్పే ఒకరిని కూడా తీసుకెళ్లండి. పాచిక ఓడితే ఓడనివ్వండి.