అందవికారపు బాతుపిల్ల: నీటి పరీక్ష

డెన్మార్కు రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1843లో ప్రకటించిన ‘అందవికారపు బాతుపిల్ల’ కథ తెలుగు బాలబాలికలకు క్రొత్త కాదు. హంసగా మారిన పిల్ల కథగానే దానిని అందరును చెప్పుకొందురు. కాని జీవశాస్త్రోపాధ్యాయుడు ఆగి చూడవలసిన ఘట్టము వేరొకటి కలదు. తల్లిబాతు పిల్లలను కందకము నొద్దకు తీసికొనిపోయి నీట దుముకును. పిల్లలు ఒకదాని వెంట ఒకటి దుముకును. తలలు మునిగి, మరుక్షణమున తేలి, హాయిగా ఈదును. బూడిదరంగు పిల్లయు ఈదుట చూచి, అది టర్కీకోడి పిల్ల కాదని తల్లి నిశ్చయించుకొనును.

ఇందు రచయిత పరిశీలన మెచ్చదగినది. బాతుకు ఈత పుట్టుకతో వచ్చునది. బాతుగ్రుడ్లను కోడిచేత పొదిగించుట పల్లెలలో పాత అలవాటు. కోడిపిల్ల 21 దినములకు, నాటు బాతుపిల్ల 28 దినములకు గ్రుడ్డునుండి వెలువడును. ఆ పిల్లలు నీట దిగగానే పెంపుడుతల్లి గట్టుమీద గాభరాపడి అరచును. ఈత వాటికి కోడి నేర్పలేదు గదా! పెద్దగ్రుడ్డు ఆలస్యమగుటయు సరియే. హంసగ్రుడ్డునకు 5 వారములు పట్టును. తక్కిన పిల్లలు అంతకాలము గూటిచుట్టు ఓపికపట్టుట మాత్రము కథలోనే సాధ్యము.

లోపము కథలో కంటె దానిని పాఠముగా వాడుకొను తీరులో ఎక్కువ. కథ కుదించి చెప్పునప్పుడు తల్లి జారిపోయి, ‘బాతుపిల్లకు నీటిభయము లేదు’ అను మాట మిగులును. ఈదగలుగుట వేరు, తడిసి చలికి తట్టుకొనుట వేరు. పిల్ల దేహముపై ఉన్నది నూగు. పూర్తి ఈకలు వచ్చుటకు 7, 8 వారములు పట్టును. నీటి ఉష్ణవాహకత గాలికంటె సుమారు 25 రెట్లు. చిన్న దేహమునకు బరువుతో పోల్చినచో ఉపరితలము హెచ్చు. కావున వేడిమి త్వరగా పోవును. నూగు తడిసిన పిల్ల వణకి, అలసి, మునిగిపోవచ్చును. ఆండర్సన్ ఎండ కాయు దినమునే ఎన్నుకొన్నాడు, తల్లిని ప్రక్కనే ఉంచినాడు. ఒడ్డెక్కిన పిల్లలను తల్లి రెక్కల క్రింద ఆర్చి వెచ్చజేయును. పొదుగుయంత్రమున పుట్టిన పిల్లకు ఆ రెక్కలేవి?

‘నూనె ఉండుటచే బాతు తడియదు’ అను తరగతి సమాధానమును సగమే. తోక మొదట నూనెగ్రంథి ఉన్నమాట నిజము. ఆ నూనె ఈకలను బాగుగా ఉంచును. కాని ఈకల సన్నని అల్లిక నడుమ చిక్కుకొన్న గాలియే నీటిబొట్టును లోనికి దిగనీయదని 1944లో కాస్సీ, బాక్స్టర్ అను శాస్త్రజ్ఞులు వివరించిరి. నూగునకు అంతటి అల్లిక లేదు. కావున పిల్లకు నూనె పూసి నీట విడుచుట వ్యర్థము, హానికరము.

నిజాంసాగర్ కాల్వల క్రింద వరి పండు బాన్సువాడ వంటి చోట ఇది కథాచర్చతో ఆగదు. నీరు ఇంటికి దగ్గర. కథ విన్న బాలుడు తన పిల్లను కాల్వలో విడుచుట ఎంతసేపు? అచట ప్రవాహము కలదు, గట్టు నిలువుగా ఉండినచో పిల్ల ఎక్కి రాలేదు. మొదటి వారము ముక్కు మునుగునంత లోతు గల పాత్రలో గులకరాళ్ళు వేసి నీరుంచిన చాలును. అందు దేహము మునుగరాదు. పిమ్మట ఎండపొద్దున వెడల్పు పళ్ళెములో, కాళ్ళు అడుగునకు తగులునంత గోరువెచ్చని నీట, కొన్ని నిమిషములు మాత్రమే, మనిషి దగ్గరనుండగా విడువవలెను. బయటికి వచ్చుటకు ఒక ఇటుక మెట్టుగా వేయవలెను. తరువాత పొడిగుడ్డతో అద్ది, దీపపు వెచ్చదనమున ఉంచవలెను. మొదటి వారము ఆ వెచ్చదనము 32 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఉండుట మేలు. చెరువు, కాల్వ ఈకలు వచ్చిన తరువాతి మాట.

ఆండర్సన్ తల్లిబాతుకు తొందర ఉన్నది. తన పిల్ల టర్కీ కాదని తేల్చుకొనవలెను. ఇంటిలో పెంచువారికి ఆ తొందర లేదు. త్రాగుటకు, కన్నులు ముక్కు కడుగుకొనుటకు నీరున్నచో ఈత లేకున్నను బాతు పెరుగును.