ఒకే స్తంభం, ఏడాది గోదావరి

రాజమండ్రిలో గోదావరిని ఫోటో తీయనివాళ్లు లేరు. సాయంత్రం ఏ రేవులో నిలబడినా ఫోన్లన్నీ పడమటికే తిరిగి ఉంటాయి. కొవ్వూరు వైపు దిగుతున్న సూర్యుడు, వెలుగుకి అడ్డంగా నల్లబడ్డ ఆర్చి వంతెన, మధ్యలో ఒక పడవ. ఈ మూడూ కుదిరితే ఫోటో అయిపోయినట్టే. బాగుండదని కాదు, బాగానే ఉంటుంది. కానీ అది ఆషాఢంలో తీసిందో మాఘంలో తీసిందో చెప్పమంటే తీసినవాళ్లే తడుముకుంటారు. నారింజ వెలుగు పరుచుకున్నాక ఎర్రనీరైనా తేటనీరైనా పైపూత ఒక్కటే.

ఇక్కడ పరిచయం చేస్తున్న ఫోటోల కట్టలో అస్తమయం ఒక్కటీ లేదు. తీసినాయన పెళ్లిళ్లూ బారసాలలూ పాస్‌పోర్టు సైజు ఫోటోలతో సంసారం ఈదిన స్టూడియో మనిషి. పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. ఆయన చేసిందల్లా ఒకే చోట నిలబడి, ఒకే వైపు చూస్తూ, ఏడాది పొడుగునా నదిని తీయడం. చెప్పుకోవడానికి ఇంతే. ప్రింట్లు బల్లమీద వరసగా పరిచి చూస్తే మాత్రం, కదలకుండా నిలబెట్టడం ఎంత పనితనమో అర్థమవుతుంది.

ఫ్రేములో ప్రధానంగా ఉన్నది హేవ్‌లాక్ వంతెన తాలూకు ఒక రాతి స్తంభం. 1900 నుంచి దాదాపు నూరేళ్లు రైళ్లు మోసి 1997లో పని మానేసిన పాత వంతెన అది. ఆ స్తంభాల్లో ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఒకదాన్ని ఆయన ఎంచుకున్నారు. పైన ఇనుప గర్డరు అంచు కొద్దిగా, కింద నీళ్లు బోలెడు, ఆకాశం వేలెడంత. అంత తక్కువ ఆకాశం పెట్టడానికి ధైర్యం కావాలి. మబ్బులు అడగకుండానే ఫోటోని అందంగా చేసిపెడతాయి, చూసేవాడి కన్ను అక్కడే ఆగిపోతుంది. ఈయన ఆ సాయం వద్దనుకున్నారు.

కెమెరా ఎక్కడ పెట్టాలన్నది తేల్చుకోవడంలోనే సగం పని ఉంది. రేవు మెట్ల మీద పెడితే శ్రావణానికల్లా ఆ మెట్టే ఉండదు. అందుకని వరద ఎంత ఎత్తున వచ్చినా కాళ్లు తడవని గట్టు మీద, పునాది గట్టిగా ఉన్న ఒక మూల చూసుకున్నారు. ట్రైపాడ్ మూడు కాళ్లకీ మూడు గుర్తులు. ప్రతిసారీ అదే ఎత్తు, అదే లెన్సు. మొదటి ఫోటోలో స్తంభం అంచు ఎక్కడుందో పారదర్శకపు కాగితం మీద సన్నటి గీత గీసుకుని, ఆ కాగితాన్ని కెమెరా వెనక తెరమీద ఆనించి, గీతా స్తంభం అంచూ ఒకటయ్యేదాకా సర్దుతారు. ఇంత కచ్చితం ఎందుకంటే, ఫ్రేము వెంట్రుకవాసి జరిగినా మారింది నదో కెమెరానో తెలియకుండా పోతుంది.

వేళ ఎంపిక ఇంకా బాగుంది. ఊరంతా సాయంత్రం వస్తే ఈయన పొద్దున్న వస్తారు. రాజమండ్రి తూర్పు గట్టున ఉంది కాబట్టి పొద్దుటి ఎండ మన వీపు వెనక నుంచి పోయి నీటి మీదా రాతి మీదా పడుతుంది. ఎదురు వెలుగులో నీడలుగా మిగిలిపోయేవన్నీ అప్పుడు తమ రంగులతో కనిపిస్తాయి. కెమెరా నైరుతి వైపు చూస్తోంది. ఆషాఢ శ్రావణాల్లో సూర్యుడు తూర్పుకి కాస్త ఈశాన్యంగా లేస్తాడు, వెలుగు వెనక నుంచి వచ్చి రాయి చదునుగా కనబడుతుంది. మార్గశిరం వచ్చేసరికి సూర్యుడు ఆగ్నేయానికి ఒరిగి ఉంటాడు. అదే రాతి మీద ఎండ ఎడమ పక్క నుంచి ఏటవాలుగా పాకుతుంది. రాళ్ల మధ్య సున్నపు అతుకులు ఒక్కొక్కటీ లేచి కనిపిస్తాయి. స్తంభం మారలేదు, నీటి జాడ చెప్పకుండానే కాలం మారిందని స్తంభమే చెబుతోంది. కట్టలో నాకు మొదట పట్టుబడిన రహస్యం ఇది.

ఇక కొత్తనీరు. మన దగ్గర చినుకు పడకుండానే గోదావరికి వరద రావచ్చు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి ఎక్కడెక్కడి వానలనో మోసుకొస్తాయి. మహారాష్ట్రలోనో ఛత్తీస్‌గఢ్‌లోనో కురిసినదానికి ఇక్కడ లంకలు మునుగుతాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదిలారు. 1986 ఆగస్టు వరదలో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. ఇలాంటి నీరు వస్తున్నప్పుడు నెత్తిన నీలాకాశం, చుర్రుమనే ఎండ ఉండటం ఇక్కడివాళ్లకి కొత్త కాదు. ఫోటోగ్రాఫర్లకే ఎందుకో కొత్త. వరద అనగానే నల్లమబ్బుల కోసం చూస్తారు. ఈయన మాట వేరు: “ఎండలో వచ్చే వరదేనండి అసలు గోదావరి. మబ్బు ఇక్కడుంటే నీళ్లు ఇంకా పైనే ఉన్నట్టు.”

ఎర్రనీటిని ఎర్రగా తీయడం అనుకున్నంత తేలిక కాదు. కెమెరాలో వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే, ఫ్రేము నిండా ఎరుపు కనబడగానే అది ఏదో వెలుగులో ఉన్న దోషమనుకుని తనంతట తానే దిద్దేస్తుంది. పులస కోసం ఊరు ఊరంతా ఎదురుచూసిన ఎర్రనీరు కాస్తా ఫోటోలో పాలెక్కువైన టీలా తేలుతుంది. ఫోన్లలో తీసిన వరద ఫోటోలు చాలావాటికి ఈ జబ్బుంది. ఈయన పగటి వెలుగుకి సరిపడే అంకె ఒకటి, 5500 కెల్విన్ దగ్గర, ఏడాదంతా కదలకుండా ఉంచేశారు. దాంతో శ్రావణపు ఎరుపు, కార్తీకపు ఆకుపచ్చ, పుష్యమాసపు నీలిబూడిద రంగు దేనికవి నిలబడ్డాయి. కెమెరాకున్న తెలివిని కట్టేయడం కూడా ఒక తెలివే.

కట్టలో నేను ఎక్కువసేపు చూసిన ఫోటో వరద నిండుగా ఉన్నప్పటిది. నీరు స్తంభాన్ని ఎదురుగా తన్నుకుని, అక్కడ మోకాలెత్తు గుట్టలా పొంగి, రెండుగా చీలి, వెనక రెండు పొడుగాటి సుడుల బారులుగా సాగింది. గుర్రపుడెక్క ముద్దలు, వేళ్లతో సహా కొట్టుకొచ్చిన ఒక మాను. ఆ మాను స్తంభానికి అడ్డంపడి ఆగింది, దానిమీద ఒక కొంగ ఏ కంగారూ లేకుండా నిలబడి ఉంది. షట్టరు వేగం సెకనులో 250వ వంతు ఉండాలి. సుడి అంచున నురగ చుక్కలు కూడా విడివిడిగా ఉన్నాయి. ఈమధ్య పారే నీటిని ఎవరు తీసినా నల్లటి ఫిల్టరు తగిలించి, సెకన్ల తరబడి షట్టరు తెరిచి, పట్టుబట్టలా నునుపు చేస్తున్నారు. సెలయేటికి అది నప్పుతుందేమో. లంకల్లో జనాన్ని పడవలెక్కించి ఖాళీ చేయించే నీటిని పట్టుబట్టగా చూపించడం నాకు సహించదు. ఈ ఫోటోలో నీటికి బరువుంది.

ఇదే ఫోటోలో ఇంకొకటి ఉంది, దాన్ని గమనించడానికి నాకు కొంత సమయం పట్టింది. స్తంభం నీడ నీటి మీద పడింది. గోడ మీద పడ్డట్టు, అంచులు కోసినట్టుగా, ముదురు ఎరుపులో. అందులో వింతేముంది అనిపిస్తుంది. పక్కనే కార్తీకంలో తీసిన ఫోటో పెట్టి చూడండి. అదే స్తంభం, దాదాపు అదే వేళ, ఎండా ఉంది, కానీ నీటి మీద నీడ లేదు! దాని బదులు స్తంభం తలకిందులుగా ప్రతిబింబిస్తోంది. ఒండ్రు నిండిన నీరు వెలుగుని పైపైనే ఆపి వెనక్కి చెదరగొడుతుంది, అందుకే దాని మీద నేల మీద పడ్డట్టే నీడ పడుతుంది. తేటనీటిలో వెలుగు లోపలికి దిగిపోతుంది, నీడ నిలవడానికి చోటుండదు. నీడ ఉంటే బురదనీరు, బింబం ఉంటే తేటనీరు. అగస్త్య నక్షత్రం పొడిస్తే నీళ్లు తేరుకుంటాయని మన పెద్దలు చెప్పే మార్పుని ఈయన రంగుతో కాకుండా, నీడ పోయి బింబం రావడంతో పట్టుకున్నారు. నలుపు తెలుపుల్లో ప్రింటు వేసినా ఆ తేడా తెలుస్తుంది.

కావాలని చేశారా, కలిసొచ్చిందా అని అడిగాను. సమాధానం చెప్పలేదు, లెన్సు ముందు తగిలించే పోలరైజర్ తీసి చూపించారు. నీటి మీద ఆకాశపు మెరుపుని తగ్గించే అద్దం అది. నీటి ఉపరితలానికి సుమారు 37 డిగ్రీల వాలులో చూస్తే బాగా పనిచేస్తుంది, చూపు దూరం పోయేకొద్దీ దాని పట్టు సడలుతుంది. ఫ్రేము అడుగున గట్టుకు దగ్గరి నీటిని అంత ధారాళంగా ఉంచింది ఇందుకే. వరద రోజుల్లో పోలరైజర్ తగిలించి మెరుపు తీసేసి ఒండ్రు రంగుని పైకి తెచ్చారు. కార్తీకానికి దాన్ని విప్పేసి డబ్బాలో పెట్టేశారు, బింబం కావాలి కాబట్టి. నా ప్రశ్నకి జవాబు వచ్చేసినట్టే.

పొగమంచు ఫోటోల గురించి ఎక్కువ చెప్పను. పాపికొండల మంచు మనవాళ్లు తీసీ తీసీ అరగదీశారు. ఇక్కడ మెచ్చుకోవాల్సింది ఒక్కటే, మంచు తెల్లగా ఉంది. కెమెరా మీటరు చెప్పినట్టు వింటే మంచు బూడిదరంగులో వస్తుంది, ఒక స్టాపు ఎక్కువ వెలుగు ఇవ్వాలి. ఇచ్చారు. స్తంభం పెన్సిలు గీతలా మిగిలింది, చాలు.

అసలు పరీక్ష వేసవిది. ధవళేశ్వరం దగ్గర ఇంజనీరు కాటన్ 1852 నాటికి కట్టించిన ఆనకట్ట, ఆ తర్వాత దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ నీటిని ఆపి ఉంచడం వల్ల రాజమండ్రి రేవుల్లో వైశాఖంలో కూడా నది ఎండిపోదు. అలాగని పారదు కూడా. నడిమధ్య ఇసుక దిబ్బలు తేలతాయి, గట్టు పక్క నీరు పాచిరంగుకి తిరుగుతుంది, ఎనిమిదింటికే ఎండ కళ్లలో గుచ్చుతుంది, అవతలి గట్టు ఉక్కలో మసకబారుతుంది. తీయడానికేం లేదు. ఈ కాలంలో తీసినవి కట్టలో తక్కువేం కాదు, పైగా వాటిలోనే స్తంభం పూర్తిగా బయటపడుతుంది. దిగిన నీరు రాతి మీద వదిలిన చారలు కింద ముదురుగా, పైకి పోయేకొద్దీ పలచగా ఉన్నాయి. వరద ఫోటోలో నీరు ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుంచుకుని ఈ ఫోటోలో ఆ ఎత్తు వెతికితే, అక్కడ మట్టిరంగు గీత దొరుకుతుంది. ఏమీ జరగని నెలల్లో కూడా వెళ్లి తీసినవాడికే ఈ జత దొరుకుతుంది. ఓపికని ఊరికే పొగడటం నాకు ఇష్టముండదు, కానీ ఇక్కడ ఓపిక ఫలితం రాతి మీద కనబడుతోంది.

ఇలా ఒక నదిని పట్టుకుని కూర్చున్నవాళ్లు బయటి దేశాల్లోనూ ఉన్నారు. ఇంగ్లండులో జెమ్ సౌథమ్ పెద్ద ఫిల్ము కెమెరాతో డెవన్ ప్రాంతపు ఎక్స్ నది పరిసరాల్లో ఒక చలికాలం తీసిన ఫోటోలు 2012లో పుస్తకంగా వచ్చాయి. అదే డెవన్‌లో సూసన్ డర్జెస్ అసలు కెమెరానే పక్కనపెట్టింది. 1990ల చివర్లో, రాత్రిపూట టా నదిలో ఫోటో కాగితాన్నే నీటి కిందికి దించి, పైనుంచి ఒక్క క్షణం ఫ్లాష్ వెలిగించి, అలల నీడలనే బొమ్మగా పట్టింది. ఎక్స్, టా మన లెక్కలో ఏర్లు. గోదావరి మీద ఆ పద్ధతులు సాగవు. 1,465 కిలోమీటర్ల పొడవున పారుతూ, ఊరి ముందు రెండు కిలోమీటర్లకు పైగా విప్పారిన నదిని మొత్తంగా చూపించబోతే ఏదీ కనబడదు. ఒక్క స్తంభానికి కుదించుకోవడం ఈయన సొంతంగా కనిపెట్టుకున్న ఉపాయం, గోదావరికి సరిపోయిన ఉపాయం.

లోటు లేదనను. కార్తీక పౌర్ణమి దీపాల ఫోటో ఒకటి ఈ కట్టలో అతకలేదు. అరటి డొప్పల్లో దీపాలు, చీకట్లో చుక్కల్లా అందంగానే ఉన్నాయి. కానీ రాత్రి ఫోటో కావడంతో స్తంభం లేదు, నీటి రంగు లేదు, ఎవరైనా తీయగలిగిన ఫోటో అది. ఇంట్లోవాళ్లు బాగుందన్నారని ఉంచారట. ప్రింట్లన్నీ మెరుగు కాగితం మీద వేయడం కూడా నాకు నచ్చలేదు. తీసేటప్పుడు నీటి మీది మెరుపుని అంత జాగ్రత్తగా అదుపు చేసి, చివరికి కాగితం మీద ట్యూబ్‌లైటు మెరుపు తెచ్చిపెట్టుకోవడం ఎందుకు?

ప్రతి ప్రింటు వెనకా పెన్సిలుతో ఒక అంకె ఉంది. ఆరోజు ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం, అడుగుల్లో. అక్కడ 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఎగరేస్తారు. గోదావరి గట్టున పెరిగినవాళ్లకి ఈ అంకెలు నోటికొచ్చు. మూడో హెచ్చరిక దాటిన ఫోటోల వెనక అంకె కింద రెండు గీతలు గీశారు. నది భాషలో నదికి లెక్క రాసుకోవడం నాకు బాగా నచ్చింది. కాకపోతే తేదీ ఎక్కడా లేదు. నెల చూడగానే తెలుస్తుంది కదండీ అంటారాయన. నెల తెలుస్తుంది, నిజమే. ఏ సంవత్సరమో తెలియదు. ఎగువన పోలవరం ప్రాజెక్టు నిండా నీరు నిలబెట్టిన నాడు ఒండ్రు కొంత అక్కడే దిగిపోతుంది, ఎర్రనీరు ఇప్పుడొచ్చినంత ఎర్రగా రాకపోవచ్చు. అప్పుడు ఈ ఫోటోలు ముందటివా తర్వాతివా అని అడిగేవాళ్లు వస్తారు. ఆయన ఫైళ్లలో తేదీలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఒక పూట కూర్చుని అడుగుల పక్కన సంవత్సరం రాసేస్తే సరిపోతుంది. ఆ మాట ఆయనకి చెప్పాను. పెళ్లిళ్ల సీజను అవనివ్వండి అన్నారు.